యుద్ధంలో నేలమట్టమై మళ్ళీ కట్టిన ఫ్రెంచ్ పల్లెల్లో ఏది చూడాలి?

ఫ్రాన్స్ వస్తున్నానని, యుద్ధంలో నాశనమై మళ్ళీ కట్టిన పల్లె ఒకటి చూడాలనుందని అడిగారు. చాలామంది ఒరాదూర్ పేరే చెబుతారు. 1944లో నాజీలు జనాన్ని చంపి తగలబెట్టిన ఊరది. శిథిలాలను అలాగే ఉంచి, పక్కనే కొత్త ఊరు కట్టారు. చూడాల్సిందే. కానీ మనవాళ్ళు ఎవరడిగినా నేను ముందు చెప్పేది న్యూవ్ షాపెల్.

లీల్ నగరానికి నైరుతి దిక్కున చిన్న పల్లె. మొదటి ప్రపంచ యుద్ధంలో అది జర్మన్ల చేతిలో ఉండగా, 1915 మార్చి 10 పొద్దున ఏడున్నరకు బ్రిటిష్ ఫిరంగులు మొదలుపెట్టి 35 నిమిషాలు దాన్ని చితక్కొట్టాయి. తర్వాత దాడికి దిగిన బ్రిటిష్ సేనలో సగం దాకా భారతీయులే. ఊరు చేతికొచ్చింది. కానీ ఆ నాలుగు రోజుల్లో చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి భారతీయులే నాలుగు వేలు దాటారు.

1918 ఏప్రిల్‌లో జర్మన్లు మళ్ళీ విరుచుకుపడ్డారు. ఆ శిథిలాల్లో ఏసు శిలువ ఒకటి మాత్రం మిగిలింది, విగ్రహానికి కాళ్ళు, ఒక చెయ్యి తెగిపోయి. అక్కడ పోరాడిన పోర్చుగీసు సైనికులు దాన్ని ఎంతగానో కొలిచేవారు. 1958లో ఫ్రాన్స్ దాన్ని వాళ్ళ దేశానికే ఇచ్చేసింది. ఇప్పుడు బటాల్యా మఠంలో ఉంది.

అదే యుద్ధంలో ఘోరమైన పోరు జరిగిన వెర్దన్ దగ్గర కొన్ని ఊళ్ళను మళ్ళీ కట్టకుండా వదిలేశారు. ఇక్కడ మాత్రం రైతులు తిరిగొచ్చారు. ఇవాళ వెళ్తే ఎర్ర ఇటుకల ఇళ్ళు, పొలాలు, అంతే. సంగతి తెలియనివాళ్ళు ఆగకుండా దాటిపోతారు. అందుకే ఊరి బయట కూడలికి తప్పకుండా వెళ్ళండి. బ్రిటిష్ వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్ గీసిన భారతీయ స్మారకం అక్కడుంది, 1927లో ఆవిష్కరించారు. దాదాపు 15 మీటర్ల స్తంభం, అటూ ఇటూ రాతి పులులు, గుండ్రటి గోడ మీద 4,700కు పైగా పేర్లు. సమాధి కూడా దక్కని సైనికులు, కూలీలు వాళ్ళంతా. సింగ్, ఖాన్, థాపా, గురుంగ్... చదువుతూ నడుస్తుంటే నాకు కాళ్ళు ముందుకు పడలేదు. దాడి మొదటిరోజే చనిపోయి, బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ పొందిన గఢ్వాలీ జవాను గబర్ సింగ్ నేగీ పేరూ అందులో ఉంది. తెలుగు పేరు కోసం వెతికాను, నేను చూసినంతలో కనబడలేదు. అయినా పరాయివాళ్ళ పేర్లనిపించలేదు.

లీల్ నుంచి బెతూన్ వైపు రైల్లో లా బాసే దాకా వెళ్ళి, అక్కడి నుంచి సైకిల్‌గానీ టాక్సీగానీ పట్టుకోండి. పూట చాలు. మీకు తెలిసిన కుటుంబాల్లో ఎవరి పూర్వీకుడైనా ఆ యుద్ధంలో చనిపోయి ఉంటే, ఇలాంటి స్మారకాలను చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు ముందే వెతికి, గోడ మీద ఆ పేరున్న ప్యానెల్ నంబరు రాసుకుని వెళ్ళండి.