టెక్ సందేహాలు: కీ తిరగనంటే బలం కీ మీద కాదు, స్టీరింగ్ మీద

ప్రశ్న: రాత్రి కారు మామూలుగానే పార్క్ చేశాను. పొద్దున ఇగ్నిషన్‌లో కీ పెడితే లోపలికి వెళ్లింది కానీ ఇసుమంత కూడా తిరగలేదు. స్పేర్ కీతోనూ అంతే. బ్యాటరీ డౌన్ అయిందా? ఇగ్నిషన్ మొత్తం మార్చాలేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: బ్యాటరీని అనుమానించకండి. అది పూర్తిగా అయిపోయినా మామూలుగా కీ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాదు. కీలో ఉండే ఇమ్మొబిలైజర్ చిప్ (ఇది ఈ కారు కీయేనని ఇంజిన్‌కు తెలిపేది) పాడైనా లక్షణం అదే. అసలు కీయే కదలడం లేదంటే ఎక్కడో ఏదో బిగుసుకుందని అర్థం. రెండు కీలతోనూ అదే ఇబ్బంది కాబట్టి నా అనుమానం నేరుగా స్టీరింగ్ లాక్ మీదికే వెళ్తోంది.

కీ బయటికి తీశాక స్టీరింగ్‌ను కొద్దిగా తిప్పితే, స్టీరింగ్‌కు కింద గొట్టంలా ఉండే కాలమ్‌లోని ఒక లోహపు కడ్డీ వెళ్లి గాడిలో పడుతుంది. దొంగ ఎలాగోలా ఇంజిన్ స్టార్ట్ చేసినా బండిని మలుపు తిప్పలేకుండా చేసిన ఏర్పాటు ఇది. జనరల్ మోటార్స్ 1969 మోడల్ కార్లలోనే ఇగ్నిషన్‌ను స్టీరింగ్ కాలమ్ మీదికి తెచ్చి ఈ లాక్‌తో కలిపేసింది. చిక్కల్లా ఎక్కడంటే, చక్రాలు ఒక పక్కకు తిరిగి ఉండగానో, కాలిబాట అంచుకు ఒత్తుకుని ఉండగానో బండి ఆపితే, మెలిపడిన టైరు స్టీరింగ్‌ను ఒకవైపుకు నెడుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి కడ్డీ గాడి అంచుకు నొక్కుకుపోతుంది. కీ తిప్పినప్పుడు వెనక్కి రావాల్సింది ఆ కడ్డీయే. అది రాకపోతే కీ తిరగదు.

ఒక చేత్తో స్టీరింగ్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. ఒకవైపు రాయిలా ఆగిపోతుంది, రెండోవైపు కాస్త సాగినట్టు ఉంటుంది. సాగే వైపుకు గట్టిగా లాగి పట్టుకుని, అదే సమయంలో రెండో చేత్తో కీని తేలిగ్గా తిప్పండి. టక్కుమని వదులుతుంది. ఏ వైపో తెలియకపోతే రెండు వైపులా ప్రయత్నించండి. స్టీరింగ్ మీద కాస్త గట్టిగా బలం పెట్టినా ఫర్వాలేదు, కీ మీద మాత్రం రెండు వేళ్ల బలం దాటొద్దు. కీ విరిగి సగం లోపల ఉండిపోతే నిమిషంలో తేలే పని కాస్తా తాళాలవాళ్ల దాకా వెళ్తుంది. బండి వాలులో ఉంటే, వదులు చేద్దామని హ్యాండ్ బ్రేక్ తీయకండి. స్టీరింగ్ లాక్ అయి ఉన్న బండి కదిలితే ఆపడం కష్టం.

ఆటోమేటిక్ కార్లలో గేర్ ‘పీ’ (పార్క్)లో సరిగ్గా పడకపోయినా కీ మొరాయిస్తుంది. ఎక్కువగా అది ఆఫ్ చేసి కీ బయటికి తీసేటప్పుడు వచ్చే సమస్య. బ్రేక్ తొక్కి, గేర్ లివర్‌ను ఒకసారి కదిపి మళ్లీ ‘పీ’లో పెట్టండి.

ప్రశ్న: నా పాత కారు కీ నాలుగైదుసార్లు కదిపితే గానీ తిరగదు. స్పేర్ కీతో ఏ ఇబ్బందీ లేదు. ఇగ్నిషన్‌లో నూనె వేయొచ్చా?

జవాబు: స్పేర్ కీ బాగా తిరుగుతోందంటే ఇగ్నిషన్‌లో తప్పు లేదు, రోజూ వాడే కీ అరిగింది. లోపల స్ప్రింగుల మీద సన్నని లోహపు బిళ్లలు వరసగా ఉంటాయి. కీ గాట్లు వాటన్నిటినీ సరైన ఎత్తులో నిలబెట్టినప్పుడే కీ దూరే సిలిండర్ తిరుగుతుంది. గాట్లు అరిగితే ఒకటో రెండో బిళ్లలు అడ్డం పడతాయి. కొత్త కీ చేయించండి కానీ, అరిగిన కీ చూపించి చేయించకండి. ఆ అరుగుదల కూడా అచ్చు దిగుతుంది. స్పేర్ కీ చూపించి, లేదా కారుతో వచ్చిన కీ కోడ్ నంబరు ఉంటే దాంతో చేయించండి. చిప్ ఉన్న కీ అయితే దాన్ని కారుకు ప్రోగ్రామ్ కూడా చేయాలి.

రెండు కీలూ మొరాయించే రోజు వస్తే అప్పుడు సిలిండర్ సంగతి చూడాలి. అప్పుడైనా ఇంజిన్ ఆయిల్, గ్రీజు, వంటనూనె వద్దు. వాటికి దుమ్ము పట్టి బిళ్లలు ఇంకా అతుక్కుంటాయి. గ్రాఫైట్ పొడి గానీ, పొడిగా ఆరిపోయే టెఫ్లాన్ స్ప్రే గానీ కొద్దిగా వేసి, కీని కొన్నిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. డబ్ల్యూడీ-40 అప్పటికి పని కానిస్తుంది, నేనైతే దాన్ని అలవాటు చేసుకోను. పొడి, స్ప్రే వేసినా ఫలితం లేక సిలిండర్ మార్చాల్సి వస్తే, పాత కీకే సరిపోయేలా బిళ్లలు అమర్చగలరేమో అడగండి. లేదంటే తలుపుకో కీ, ఇంజిన్‌కో కీ మోయాలి.

మోయడమంటే గుర్తొచ్చింది. ఇంటి తాళాలు, బీరువా తాళాలు అన్నీ కారు కీకే తగిలించే అలవాటు మానండి. ఆ బరువు ఇగ్నిషన్‌ను లాగుతూనే ఉంటుంది. 2014లో జనరల్ మోటార్స్ లక్షల కార్లను వెనక్కి పిలిపించింది ఇలాంటి గొడవకే: ఇగ్నిషన్ స్విచ్‌లో పట్టు చాలక, బరువైన గుత్తి ఉన్నా, కుదుపు తగిలినా, నడుస్తుండగానే కీ జారి ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకునేవి కావు.

ప్రశ్న: మాది పుష్ బటన్ కారు. మాకు ఈ బాధ లేనట్టేనా?

జవాబు: కీ బాధ లేదు, స్టీరింగ్ బాధ ఉంది. అలాంటి చాలా కార్లలోనూ స్టీరింగ్ లాక్ ఉంటుంది. అది బిగుసుకుంటే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వస్తుంది. బటన్ నొక్కుతూ స్టీరింగ్‌ను అటూ ఇటూ కదపండి. కీ కనిపించడం లేదని చూపిస్తే రిమోట్‌లో సెల్ అయిపోయి ఉంటుంది. చాలా కార్లలో రిమోట్‌ను బటన్‌కు ఆనించి పట్టుకుంటే స్టార్ట్ అవుతుంది. కొన్నింటిలో ఆ చోటు వేరే ఉంటుంది, మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి.