అడ్వాన్స్ కట్టే ముందు ఓసారి ఇది చదువు నానీ

రేయ్ నానీ,

కుక్కని తెచ్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చిన్నప్పుడు కుక్క మొరిగితే చాలు నా కొంగు వెనక దాక్కునేవాడివి, ఇప్పుడు పది పన్నెండేళ్ళు ఓ ప్రాణాన్ని సాకుతానంటున్నావు, వినడానికి ఎంత ముచ్చటేసిందో. కానీ కుక్కపిల్లల్ని పెంచి అమ్మే ఎవరో బ్రీడర్ ఫొటో పంపితే అడ్వాన్స్ కట్టేస్తున్నావట, ఆ మాట విన్నాక రాత్రంతా నిద్ర లేదు నాకు.

గిన్నెలు, బెల్టు, దగ్గర్లో ఓ వెట్, ఇవన్నీ నువ్వే చూసుకుంటావులే.

మీ బాబాయ్ సంగతి నీకు తెలీదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. ల్యాబ్రడార్ పిల్లే కావాలని ఒకటే గోల పెట్టి ఎవరి దగ్గరో కొన్నాడు. తల్లిని చూపించమంటే వేరే చోట ఉందన్నారట, పిల్లని అట్టపెట్టెలో పెట్టి గేటు దగ్గరే చేతికిచ్చి పంపేశారట. ఎనిమిది వారాలన్నారు గానీ నాకైతే ఐదారు కూడా ఉండవనిపించింది, నాలుగడుగులు వేస్తే తూలిపోయేది. టీకా అయిపోయిందన్నారు, కార్డు చూస్తే డాక్టర్ సంతకం లేదు, టీకా సీసా మీది స్టిక్కరూ లేదు. అదేంట్రా అంటే "అక్కా, నీకన్నీ అనుమానాలే" అని నవ్వేశాడు. నాలుగో రోజు తిండి ముట్టలేదు, తర్వాత వాంతులు, ఆ తర్వాత రక్తం విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, అంటే ఆ జబ్బు బహుశా అక్కణ్ణించే వచ్చింది. సెలైన్లు ఎక్కించినా దక్కలేదు. ఆ బుజ్జి బెల్టు బకిల్ పెడుతూ తీస్తూ గడప మీదే కూర్చున్నాడు మీ బాబాయ్, అన్నానికి పిలిస్తే లేవలేదు. పైగా వాళ్ళు ఇంకో పిల్లని ఊరికే ఇస్తామంటే తెస్తానని బయల్దేరాడు! ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతికుంటుంది, మామూలు సబ్బుకి చావదు, బ్లీచ్ కావాలి. నేను తలుపుకి అడ్డం నిలబడి ఆపాను.

బ్రీడర్లందరూ దొంగలని కాదురా. మంచివాళ్ళు తల్లిని ఎదురుగా చూపిస్తారు, ఎనిమిది వారాల లోపు పిల్లని ఇవ్వరు, ల్యాబ్రడార్ అయితే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు ముందు పెడతారు, నీకు కుదరకపోతే వెనక్కి తీసుకుంటామని రాసిస్తారు. నువ్వడిగే ప్రశ్నల కన్నా వాళ్ళు నిన్నడిగేవే ఎక్కువుంటాయి. నీ బ్రీడర్ ఇప్పటిదాకా నిన్ను ఒక్క ప్రశ్నైనా అడిగాడా?

నన్నడిగితే దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌కి వెళ్ళి రెండు మూడేళ్ళ కుక్కని చూడు. అక్కడా జబ్బులుంటాయి, టీకా కార్డు అక్కడా అడగాల్సిందే. కాకపోతే పెరిగిన కుక్క సైజెంతో, గుణమేంటో కళ్ళ ముందే ఉంటుంది, చాలా చోట్ల పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించే ఇస్తారు. పగలంతా ఆఫీసులో ఉండేవాడివి, రెండు నెలల పిల్లయితే రెండు గంటలకోసారి ఉచ్చకి బయటికి తీసుకెళ్ళాలి, ఎవరు తీసుకెళ్తార్రా, నేనా? బోనులో మొరిగింది కదాని వద్దనుకోకు, భయంతో మొరుగుతాయి, బయటికి తీసి కాసేపు నడిపించి చూడు. ఇంటికొచ్చిన మొదటి మూణ్ణాలుగు రోజులు మంచం కింద దూరి సరిగ్గా తినకపోవచ్చు, పూర్తిగా కుదురుకోడానికి మూడు నెలలు పట్టినా పట్టొచ్చు. మొదటి వారంలోనే వద్దని తిరిగిచ్చేశావో, నీతో మాట్లాడను.

ముందు ఆ బ్రీడర్‌కి ఫోన్ చేసి తల్లిని చూడ్డానికి వస్తానను, వీడియోలో చూపిస్తానంటే ఒప్పుకోకు. ఏమన్నాడో నాకు చెప్పు. ఆదివారం దాకా మాత్రం డబ్బు కట్టకు, షెల్టర్‌కి నేనూ వస్తా, మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే.

మీ అత్త