బొమ్మను పోల్చి చూసే పద్ధతి: మేనల్లుడికి ఒక లేఖ

తెనాలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ సందేశం రెండుసార్లు చదివాను. పాత 32 అంగుళాల టీవీ తీసేసి 55 అంగుళాల ఫోర్‌కే టీవీ కొన్నావనీ, అందులో సీరియళ్లూ వార్తలూ అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయనీ, ఎదురింటి వారి కేబుల్‌లో బొమ్మ అద్దంలా ఉందని అమ్మ అంటున్నదనీ రాశావు. ఆఫీసులో ఒకరు డీటీహెచ్ మార్చమన్నారు, మరొకరు ఫైబర్ పెట్టించుకోమన్నారు, దుకాణదారు ఏకంగా టీవీనే మార్చి ఓఎల్ఈడీ తీసుకోమన్నాడు. ముగ్గురూ నీ ఇంటికి రాకుండానే చెప్పారు. ముప్పై ఏళ్లు టీవీలు విప్పి బిగించి, అందులో చివరి పదేళ్లు కేబుల్ కంట్రోల్ రూములో పనిచేసినవాణ్ణి కనుక నేను చెప్పేది ఒక్కటే: డబ్బు తీసే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకో. ఎదురింట్లో బాక్సు వేరు, టీవీ వేరు, దాని సెట్టింగులు వేరు, వాళ్లు కూర్చునే దూరం వేరు. ఇన్ని తేడాలున్నప్పుడు ఆ మెప్పంతా కేబుల్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు.

ముందుగా ఒక చిన్న లెక్క చెబుతాను, ఓపికగా చదువు. మామూలు ఎస్‌డీ చానల్‌లో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి, అంటే మొత్తం నాలుగు లక్షల పద్నాలుగు వేల పైచిలుకు. నీ ఫోర్‌కే తెర మీద ఉన్నవి 3840 ఇంటూ 2160, అంటే దాదాపు 83 లక్షలు. భాగించి చూస్తే సరిగ్గా ఇరవై వస్తుంది. అంటే ఎస్‌డీ చానల్ పెట్టినప్పుడల్లా, వచ్చిన ఒక్కొక్క చుక్క నుంచి ఇరవై చుక్కలను నీ బాక్సూ టీవీ కలిసి ఊహించి నింపుకోవాలి. హెచ్‌డీ చానల్ అయితే ఒకటికి నాలుగు నింపితే చాలు. దానికి తోడు 32 నుంచి 55కు పోతే తెర వైశాల్యం దాదాపు మూడు రెట్లయింది, కానీ నీ సోఫా మాత్రం అక్కడే, ఎనిమిది అడుగుల దూరంలోనే ఉంది. తెర ఎత్తుకు మూడు రెట్ల దూరం హెచ్‌డీకి సరిపోతుంది, నీ టీవీకి అది సుమారు ఏడు అడుగులు. ఎస్‌డీకి ఆరు రెట్లయినా ఉండాలి, అంటే పదమూడు అడుగులు దాటాలి. నీ హాలులో అంత దూరం పోతే వంటింట్లో కూర్చోవాలి. కనుక పాత టీవీలో కనబడని లోపం కొత్త టీవీలో కనబడితే అది కొత్త టీవీ తప్పని అనుకోవద్దు. ఆ లోపం మొదటి నుంచీ ఉన్నదే.

అందువల్ల మొట్టమొదట చూడవలసింది అమ్మ ఏ నంబరు నొక్కుతున్నది అన్న విషయం. 2019 ఫిబ్రవరిలో కొత్త ధరల పద్ధతి వచ్చినప్పటి నుంచి ఒకే చానల్ ఎస్‌డీకి ఒక ధర, హెచ్‌డీకి ఒక ధర ఉన్నాయి, నంబర్లు కూడా వేర్వేరు. మీ ప్యాకులో ఈటీవీ హెచ్‌డీ, జెమినీ హెచ్‌డీ, స్టార్ మా హెచ్‌డీ, జీ తెలుగు హెచ్‌డీ ఉన్నాయా, ఉంటే అమ్మ వాటినే చూస్తున్నదా, లేక ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పాత నంబరునే నొక్కుతున్నదా అన్నది కనుక్కో. ఇక్కడ ఒక మోసం ఉంది. టీవీ రిమోట్‌లో సమాచారం బటన్ నొక్కితే తెర మూలన 1080 అని, అంటే హెచ్‌డీ బొమ్మలో నిలువుగా ఉండే చుక్కల లెక్క, కనబడుతుంది, అది చూసి వచ్చేది హెచ్‌డీయేనని చాలామంది అనుకుంటారు. ఆ అంకె బాక్సు నుంచి టీవీకి పోతున్న సిగ్నల్‌ది. బాక్సు ఎస్‌డీ చానల్‌ను కూడా సాగదీసి 1080గానే పంపుతుంది, టీవీకి ఆ సంగతి తెలియదు.

తర్వాత తీగ చూడు. ఒకసారి మా ఊళ్లో ఒక పెద్దమనిషి కొత్త టీవీని రెండుసార్లు దుకాణానికి తిరిగి ఇచ్చి, మూడోది కూడా బాగా లేదని నన్ను పిలిపించారు. వెళ్లి వెనక్కి తొంగి చూస్తే, బాక్సుకూ టీవీకీ మధ్య పాత పసుపు, ఎరుపు, తెలుపు తీగ ఉంది. హెచ్‌డీఎంఐ తీగ బాక్సు అట్టపెట్టెలోనే, కట్టు కూడా విప్పకుండా ఉంది. ఆ పసుపు తీగలో హెచ్‌డీ బొమ్మ రావడం అసాధ్యం. తీగ మార్చి, కాఫీ తాగి వచ్చేశాను. ఆయన మాత్రం మూడో టీవీ మంచిదని చాలాకాలం చెప్పుకున్నారు.

బాక్సు సెట్టింగులలో ఇంకొకటి ఉంది, దీన్ని మెకానిక్కులలో కూడా కొద్దిమందే పట్టించుకుంటారు. మన దేశంలో ప్రసారాలు సెకనుకు 50 లెక్కన వస్తాయి. హెచ్‌డీ చానళ్లలో సాధారణంగా వాడేది 1080ఐ, అంటే సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, సెకనుకు 50 సార్లు పంపే పద్ధతి. ఏదో కారణం వల్ల బాక్సు 60కి సెట్ అయి ఉంటే, ఆ పది తేడాను పూడ్చడానికి అది కొన్ని బొమ్మలను రెండేసిసార్లు చూపిస్తుంది. అప్పుడు వార్తల కింద పరుగెత్తే అక్షరాలు సాఫీగా పోక, గతుకుల రోడ్డు మీద రిక్షాలాగా కుదుపుతాయి. దాన్ని 50కి మార్చి, 1080ఐ, గీతలన్నీ ఒకేసారి పంపే 1080పీ, ఈ రెండింటిలో ఏది నీ టీవీలో నిలకడగా ఉంటే అది ఉంచు. బొమ్మ నాలుగు వైపులా సరిగ్గా నిండేది సాగదీసినందుకా, నిజంగానే అంత ఉన్నందుకా అన్నది యాంకర్ ముఖం గుండ్రంగా ఉందో, లావుగా ఉందో చూస్తే తెలిసిపోతుంది.

ఇక టీవీ సంగతి. కొత్త టీవీ చాలావరకు కంటికి కొట్టేట్టుగా సెట్ చేసి వస్తుంది. పూజారి పంచె నీలిమందు పెట్టి ఉతికినట్టు కనబడుతున్నదంటే అది తెలుపు కాదు, కూల్ అనే చలువ రంగు సెట్టింగు. నీలిమందులో ఉన్న కిటుకే ఇక్కడా ఉంది, కొంచెం నీలం కలిస్తే తెలుపు ఇంకా తెల్లగా ఉన్నట్టు కన్ను భ్రమపడుతుంది. పిక్చర్ మోడ్‌ను వివిడ్ నుంచి సినిమా అన్నదానికో, ఉంటే ఫిల్మ్‌మేకర్ మోడ్‌కో మార్చు. షార్ప్‌నెస్‌ను సున్నాకు దగ్గరగా తగ్గించు. కదలికలను నునుపు చేసే సౌకర్యాన్ని ఆపివేయి. మొదటి రోజు బొమ్మ పసుపుగా, వెలుగు తక్కువగా ఉందని ఇంట్లో అందరూ గొడవ చేస్తారు, మూడు రోజులు ఓపిక పట్టమను, నాలుగో రోజు పాత సెట్టింగుకు తిప్పితే వాళ్లే వద్దంటారు. షార్ప్‌నెస్ గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. దాన్ని పెంచితే కొత్త వివరమేదీ రాదు, ఉన్న అంచుల చుట్టూ తెల్లటి గీత గీస్తుంది, పైగా సిగ్నల్‌లో ఉన్న మురికిని కూడా ఎత్తి చూపిస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా అసంతృప్తి మిగిలితే, అప్పుడు కనెక్షన్లను పోల్చు. పోల్చే విధానం చెబుతాను. ఒకే టీవీ, ఒకే చానల్, ఒకే సమయం, ఒకే హెచ్‌డీఎంఐ రంధ్రం ఉండాలి. చాలా టీవీలు ఒక్కొక్క హెచ్‌డీఎంఐకి వేర్వేరు పిక్చర్ సెట్టింగులు దాచుకుంటాయి. పాత బాక్సు ఒకటో దానిలో సినిమా మోడ్‌లోనూ, కొత్త బాక్సు రెండో దానిలో వివిడ్‌లోనూ ఉంటే, నువ్వు పోల్చేది టీవీని టీవీతోనే గాని బాక్సును బాక్సుతో కాదు. ఫోనుతో ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టడం అసలే పనికిరాదు, ఫోను ప్రతి ఫోటోకూ వెలుగునూ రంగునూ తనకు తోచినట్టు మార్చుకుంటుంది. అన్నిటికన్నా మేలైన పని ఏమిటంటే, నువ్వు కళ్లు మూసుకుని ఉండగా అమ్మను బాక్సు మార్చమను, ఏది ఏదో చెప్పవద్దను, కళ్లు తెరిచి ఏది బాగుందో నువ్వు చెప్పు. అలా పదిసార్లు చేసి, ఎనిమిదిసార్లయినా ఒకే దాన్ని ఎంచుకోకపోతే ఆ రెండింటి మధ్య తేడాకు డబ్బు పెట్టనవసరం లేదు.

ఏం చూడాలన్నది కూడా ముఖ్యమే. స్టూడియోలో కదలకుండా కూర్చున్న యాంకర్‌ను ఏ కనెక్షన్ అయినా బాగానే చూపిస్తుంది. క్రికెట్‌లో బంతి బౌండరీకి పోతుండగా కెమెరా దాని వెంట తిరిగినప్పుడు పచ్చిక మీద చూపు పెట్టు. గడ్డి గడ్డిగా ఉంటే మంచి సిగ్నల్, పచ్చ రంగు పూసిన గచ్చులాగా మారితే బిట్లు, అంటే బొమ్మను మోసుకొచ్చే సమాచారం, చాలడం లేదన్నమాట. ఎస్వీబీసీలో తిరుమల బ్రహ్మోత్సవాల రాత్రి వాహన సేవలు వచ్చినప్పుడు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు. చీకటి ఆకాశం, దివిటీల వెలుగు, ఆభరణాల మెరుపు, వేల మంది జనం, చల్లుతున్న పూలు అన్నీ ఒక్క చట్రంలో ఉంటాయి. పూలు చల్లినప్పుడు బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతున్నదా, చీకటిలో మెట్లు మెట్లుగా చారలు పడుతున్నాయా చూడు. రెండు కనెక్షన్లలోనూ ఒకే లోపం కనబడితే అది చానల్ పంపుతున్న దానిలోనే ఉన్న లోపం, దానికి నీ దగ్గర మందు లేదు.

కనెక్షన్ల మధ్య తేడా ఎందుకు వస్తుందో నా అనుభవంలో చెబుతాను. 2013లో హైదరాబాదు, విశాఖపట్నాలలోనూ, ఆ తర్వాత మా వంటి ఊళ్లలోనూ సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి అయ్యాయి. కేబుల్‌లో ఒక్కొక్క ఫ్రీక్వెన్సీలో సుమారు 38 మెగాబిట్ల చోటు ఉంటుంది. అందులో పది ఎస్‌డీ చానళ్లు పెడితే ఒక్కొక్కదానికి నాలుగు మెగాబిట్లకు కొంచెం తక్కువ వస్తుంది. నేను పనిచేసిన చోట యజమాని చానళ్ల సంఖ్య ఎక్కువ చూపించాలని అదే చోటులో పదిహేను ఇరికించమన్నారు. ఆరుగురు కూర్చునే ఆటోలో పదిమందిని ఎక్కించినట్టు, ఎవరూ కింద పడలేదు గాని ఎవరికీ సుఖమూ లేదు. జనం ఫోను చేసి మీ సిగ్నల్ తక్కువగా ఉందంటే, సిగ్నల్ నిండుగా ఉందని నేను మీటరు చూపించి నిజమే చెప్పాను, అయినా వాళ్లు చెప్పిందీ నిజమే. బొమ్మను కుదించి పంపే పాత ఎంపెగ్-2 పద్ధతికి కావలసిన బిట్లలో సగంతోనే ఎంపెగ్-4 అదే బొమ్మ ఇస్తుంది కనుక ఉత్త మెగాబిట్ల అంకెలు చూసి కూడా తీర్పు చెప్పలేము. చివరికి కంటితో చూడవలసిందే.

ఇదే మాట డిష్‌కూ వర్తిస్తుంది. గొడుగు ఇంకొంచెం తిప్పితే బొమ్మ మరింత స్పష్టంగా వస్తుందని ఎవరైనా మూడు వందలు అడిగితే ఇవ్వవద్దు. యాంటెన్నా కాలంలో ఆ మాట నిజం, డిజిటల్‌లో బొమ్మ వస్తే పూర్తిగా వస్తుంది, సిగ్నల్ హద్దు దాటి పడిపోతే గళ్లు పడి ఆగిపోతుంది. గొడుగు సరిగ్గా ఉంటే లాభమల్లా వానలో ఇంకొంచెం సేపు నిలబడటమే. ఫైబర్ మీద వచ్చే టీవీకి వాన బాధ లేదు, కానీ బాక్సును వైఫై మీద కాక తీగతో కలుపు, సాయంత్రం ఎనిమిది తర్వాత కూడా చూసి తేల్చుకో. యాప్‌లలో అయితే మొదటి నిమిషం చూసి తీర్పు చెప్పవద్దు, అవి మసకగా మొదలై నెట్ వేగాన్ని బట్టి తేరుకుంటాయి. క్రికెట్ యాప్‌లో చూస్తే మాత్రం వికెట్ పడిన సంగతి ఎదురింటి కేకతోనే ముందు తెలుస్తుంది, దానికి సిద్ధపడు. డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ రుసుము లేదు, డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి చూసుకోవడానికి అదీ మంచిదే, దాన్ని హెచ్‌డీ ప్యాకుతో పోల్చడం మాత్రం అన్యాయం.

చివరగా దుకాణదారు చెప్పిన ఓఎల్ఈడీ. చీకటి దృశ్యాలలో దానికి సాటి లేదు, అందులో ప్రతి చుక్కకూ సొంత వెలుగు ఉంటుంది, అవసరం లేని చుక్క పూర్తిగా ఆరిపోతుంది. క్యూఎల్ఈడీ అన్న పేరు దానికి దగ్గరగా వినబడుతుంది గాని అది వెనక దీపం ఉన్న ఎల్‌సీడీయే. అయితే మీ ఇంట్లో నాన్నగారు పొద్దున ఆరు నుంచి వార్తల చానల్ పెట్టి ఉంచుతారు. కదలని లోగో, ఎర్రటి బ్రేకింగ్ పట్టీ ఏళ్ల తరబడి ఒకే చోట వెలిగితే ఓఎల్ఈడీ తెరలో వాటి మచ్చ నిలిచిపోయే ప్రమాదం ఉంది. మీ ఇంటికి నేను దాన్ని చెప్పను. ఎల్‌సీడీ తెరలలో ముఖ్యంగా వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. వీఏలో నలుపు బాగుంటుంది, పక్క నుంచి చూస్తే వెలిసిపోతుంది. ఐపీఎస్ పక్కనుంచి బాగుంటుంది, చీకటి మాత్రం బూడిద రంగుగా కనబడుతుంది. దివాన్ మీద పక్కగా పడుకుని అమ్మ సీరియల్ చూసే హాలులో ఏది కావాలో నువ్వే ఆలోచించు. దుకాణంలో తిరిగే నెమళ్లూ రంగుల పండ్లూ ఆ టీవీ కోసమే తీసినవి, వాటిలో ఏ టీవీ అయినా బాగుంటుంది. ఎప్పుడైనా కొనవలసి వస్తే, బాక్సు కలిపి ఒక తెలుగు ఎస్‌డీ చానల్ పెట్టి చూపించమను. మొహమాటపడవద్దు, డబ్బు నీది.

ఈ ఆదివారం చానల్ నంబరు, తీగ, 50 సెట్టింగు, పిక్చర్ మోడ్, ఈ నాలుగూ ఇదే వరుసలో చూడు, ఒక్కొక్కటి మార్చాక కాసేపు చూసి తర్వాతదానికి పో. దేనితో తేడా వచ్చిందో నాకు రాయి. కొత్త కనెక్షన్ తీసుకోవాలనే అనిపిస్తే మాత్రం పాత బాక్సును వెంటనే ఆపించవద్దు, నెల గడువు ముగిసేదాకా రెండూ ఉంచుకో. వచ్చే నెల అక్కయ్యను చూడడానికి నేను ఎలాగూ వస్తున్నాను, బాక్సులు మార్చే పని నేను చేస్తాను, మీరిద్దరూ కళ్లు మూసుకోండి.

మీ మామయ్య