కాపీ అడిగితే ఇవ్వకు

అమ్మలూ,

మీ ఆఫీసు కాంట్రాక్టులన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చెబుతున్నప్పుడు దాని సంబరం చూడాలి, నువ్వేదో రాకెట్ వదలబోతున్నట్టు! నాకూ గర్వంగానే ఉంది. కాకపోతే ఆ పని లోతు దానికి తెలియదు, నాకు తెలుసు. అందుకే సంతోషం వెంటే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను.

మామూలు సంగతులు ముందే అయిపోగొడతాను. కాంట్రాక్టులు ఏ అల్మరాలో, ఎవరి మెయిల్లో ఉన్నాయో అన్నీ ఒకచోటికి చేర్చు. రకాలుగా విడగొట్టు. సాఫ్ట్‌వేర్ తెరవకముందే, పైవాళ్లు ఏ ప్రశ్నలు అడుగుతారో కాగితం మీద రాసుకో. ఏ ప్రశ్నకూ పనికిరాని ఫీల్డు, అంటే వివరం నింపే గడి, పెట్టకు. ఎవరికి ఏ సెక్షన్ కనిపించాలి, ఎవరు మార్చవచ్చు అన్న పర్మిషన్లు చూసుకో. ఇవన్నీ ట్రైనింగులో ఎలాగూ చెబుతారు.

ట్రైనింగులో పైపైన చెప్పి వదిలేసేది సెక్షన్ల గురించి. అద్దె ఒప్పందమైనా, సర్వీసు కాంట్రాక్టయినా, సరుకు కొనుగోలైనా కొన్ని వివరాలు అన్నింట్లోనూ ఉంటాయి కదా: ఎవరెవరి మధ్య, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, డబ్బు ఎలా కట్టాలి, రెన్యూవల్ ఎలా. ఈ ఫీల్డులను సెక్షన్లు అనే గుంపులుగా కట్టి, ఒక్కో గుంపుని ఒక్కసారే తయారుచేసి, కావలసిన ప్రతి రకానికీ తగిలించుకునే వీలు ఈ సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది. అలా తగిలిస్తే అద్దె కాంట్రాక్టులో ముగింపు తేదీ, సర్వీసు కాంట్రాక్టులో ముగింపు తేదీ ఒకే ఫీల్డు. ఒక్క రిపోర్టు తీస్తే అన్నీ వచ్చేస్తాయి. అదే ఎవరి రకానికి వాళ్లు విడిగా చేసుకుంటే ఒకచోట ఎండ్ డేట్, ఇంకోచోట ఎక్స్‌పైరీ, మరోచోట వాలిడ్ అప్‌టు. మనిషికి మూడూ ఒకటే, మెషీన్‌కి మూడు వేరువేరు.

సెక్షన్లు చిన్నవిగా ఉంచు. తేదీలు, రెన్యూవల్ కలిపి ఒకటే సెక్షన్ చేద్దామని అనిపిస్తుంది, చెయ్యకు. ఒక్కసారి కొని వదిలేసే సరుకుకి తేదీలు ఉంటాయి గానీ రెన్యూవల్ ఉండదు. రెండూ కలిపి, పైగా తప్పనిసరి ఫీల్డు అని స్టార్ గుర్తు పెట్టావనుకో, నింపేవాళ్లు ముందుకు కదలడానికి 01-01-1900 అని కొట్టి సేవ్ చేస్తారు. తప్పు వాళ్లది కాదు. అద్దెకు మాత్రమే పనికొచ్చే విస్తీర్ణం, డిపాజిట్ లాంటివి ఆ రకంలోనే ఉండనీ. అన్నింటినీ సెక్షన్లు చెయ్యక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఈ సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి ఒక కుర్రాడు ఉండేవాడు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. సెక్షన్లన్నీ ముచ్చటగా అమర్చాడు. కొన్నాళ్లకు అద్దెలు చూసేవాళ్లు వచ్చి, "మా రెన్యూవల్ కొంచెం వేరు, ఒక ఫీల్డు ఎక్కువ కావాలి" అన్నారు. అతను రెన్యూవల్ సెక్షన్ కాపీ తీసి, ఆ ఫీల్డు కలిపి ఇచ్చాడు. అయిదు నిమిషాల పని. తర్వాత ఐటీ వాళ్లు వచ్చారు, ఇంకో కాపీ. ఆ తర్వాత ఎవరికో ఒక పేరు నచ్చలేదు, మరో కాపీ. చివరికి ఆ జాబితా తెరిస్తే రెన్యూవల్, రెన్యూవల్ అద్దె, రెన్యూవల్ కొత్తది, రెన్యూవల్ ఫైనల్ అని వరసగా కనిపించేవి. అందరూ అతన్ని మెచ్చుకునేవారు, అడిగిన వెంటనే చేసిపెడతాడని.

గడువు దగ్గరపడుతున్న కాంట్రాక్టుల రిపోర్టు మాత్రం మొదటి సెక్షన్ నుంచే వచ్చేది. కాపీల సంగతి దానికి తెలియదు. మేమేమో ప్రతి నెలా ఆ రిపోర్టు చూసుకుని, ఈ నెల గండం గడిచిందని నిశ్చింతగా ఉండేవాళ్లం. ఒకరోజు మెషీన్ల మెయింటెనెన్స్‌కి ఏడాది బిల్లు వచ్చింది. ఆ మెషీన్లు అప్పటికే అమ్మేశారు! వద్దని నోటీసు ఇవ్వలేదు కాబట్టి కాంట్రాక్టు దానంతట అదే ఇంకో ఏడాదికి పొడిగింపు అయిపోయింది. రికార్డు తెరిచి చూస్తే ముగింపు తేదీ సరిగ్గానే ఉంది, నోటీసు గడువూ సరిగ్గానే ఉంది. ఎవరూ తప్పు రాయలేదు, ఎవరూ బద్ధకించలేదు. వివరాలన్నీ ఫైనల్ అన్న పేరున్న కాపీలో ఉన్నాయి, అంతే.

డబ్బు పోవడం ఒక ఎత్తు, ఆ కాపీలన్నీ మళ్లీ కలపడం ఒక ఎత్తు. ఒకదాంట్లో నోటీసు గడువు రోజుల్లో, ఇంకోదాంట్లో నెలల్లో. ఎక్సెల్ షీట్‌లో ఒక వరుసలో 90, కింది వరుసలో 3, ఆ కింద "మూడు నెలల ముందు" అని అక్షరాల్లో. ఏ అంకె దేనిదో తెలియక ఒక్కో కాంట్రాక్టు కాగితం తీసి చదవాల్సి వచ్చింది. ఆ కుర్రాడు రాత్రిళ్లు కూర్చుని చేశాడు. మీటింగులో అక్షింతలూ అతనికే పడ్డాయి. కాపీలు అడిగి చేయించుకున్నవాళ్లలో ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటి ఉంది, పెద్దదాన్ని, ఉత్తరంలో రాయకూడదు గానీ నీకు తెలుసు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. నువ్వూ అచ్చం ఆ కుర్రాడి బాపతే. కాదనడం నీకు చిన్నప్పటి నుంచీ రాదు. పరీక్ష రేపనగా నోట్సు ఎవరో అడిగారని ఇచ్చేసి, గుర్తున్నంత మటుకు చదువుకుని వెళ్లిన పిల్లవి. అప్పుడు నిన్ను తిట్టాను గానీ, ఆ రాత్రంతా నీ మీద జాలి, ముద్దు రెండూ కలిగాయి. ఆ గుణం పోగొట్టుకోమనను. ఆఫీసులో మాత్రం ఆ ఒక్క విషయంలో గట్టిగా ఉండు.

ఎవరైనా వచ్చి "మాది కొంచెం వేరు" అంటే, ఏ ఫీల్డు వేరో చూపించమను. చాలాసార్లు అక్కడే ఆగిపోతారు. ఒక ఫీల్డు ఎక్కువ కావాలంటే దాన్ని వాళ్ల కాంట్రాక్టు రకంలో, సెక్షన్ బయట పెట్టు. పేరు అర్థం కాలేదంటే పక్కన వివరణ రాయి. నిజంగా అర్థమే వేరైతే, అప్పుడు కొత్త సెక్షన్ చెయ్యి, పాతదాని కాపీలా అనిపించని సొంత పేరు పెట్టు, అదే రోజు రిపోర్టులోనూ చేర్చు. ప్రతి సెక్షన్‌కీ ఒక బాధ్యుడు ఉండాలి, ఎప్పుడు ఎందుకు మార్చారో ఒకచోట రాసి ఉండాలి. అప్పుడు నువ్వు కాదనక్కర్లేదు, "రెన్యూవల్ సెక్షన్ లీగల్ వాళ్లది, వాళ్లనడగండి" అంటే సరి. నీలాంటి వాళ్లకు ఇదే మంచి మార్గం.

అందరూ వాడుకునే సెక్షన్‌లో నువ్వు చేసే మార్పు కూడా అన్నిచోట్లా పడుతుంది, అది మరిచిపోకు. డ్రాప్‌డౌన్‌లో, అంటే ఎంచుకోమని చూపించే జాబితాలో, ఒక ఆప్షన్ వద్దనుకుంటే తీసెయ్యకు. పాత రికార్డుల్లో అది ఉండి ఉంటుంది, కొత్తవాటికి కనిపించకుండా చేస్తే చాలు. ఉన్న ఫీల్డుకి అర్థం మార్చడం అసలే వద్దు.

నోటీసు గడువు దగ్గర నా చాదస్తం కాస్త భరించు. అంకె ఒక ఫీల్డు, రోజులా నెలలా అన్నది ఇంకో ఫీల్డు. మూడు నెలలంటే 90 రోజులేగా అని కొట్టిపారెయ్యకు. డిసెంబరు 31న ముగిసే కాంట్రాక్టుకి 90 రోజుల ముందంటే అక్టోబరు 2. మూడు నెలల ముందంటే సెప్టెంబరు 30. తొంభై అని లెక్కేసుకుని అక్టోబరు 1న నోటీసు పంపితే, తొందరపడ్డామనుకుంటూనే ఆలస్యమైపోతాం. నోటీసు పంపిన రోజు లెక్కా, అవతలివాళ్లకు అందిన రోజు లెక్కా అన్నది కూడా కాగితంలో చూసి ఎక్కించు. గడువు గుర్తుచేసే అలర్ట్ మనిషి పేరుకి కాదు, పదవికి వెళ్లేలా పెట్టు. ఉద్యోగం మానేసినవాళ్ల మెయిల్‌కి అలర్టులు వెళ్లి పడుండటం కళ్లారా చూశాను.

తేదీలు 2025-04-03 పద్ధతిలో, ఏడాది ముందు ఉండేలా చూపించు, ఏది నెలో ఏది రోజో తగువుండదు. డబ్బు దగ్గర అంకె వేరు, కరెన్సీ వేరు. ముగింపు తేదీ ఖాళీగా ఉందంటే, ముగింపే లేని కాంట్రాక్టని అర్థమా, ఎవరూ చూసి రాయలేదని అర్థమా? "ముగింపు లేదు" అన్నదానికి విడిగా ఒక ఆప్షన్ పెడితే, ఖాళీలన్నీ ఇంకా చూడాల్సినవని తేలిపోతుంది. కంప్యూటర్ తనంతట తాను కాగితం చదివి తేదీలు నింపే సౌకర్యం ఉంటే వాడుకో, కాకపోతే రెన్యూవల్ సెక్షన్ వరకు మనిషి కంటితో సరిచూసినదే లెక్క.

మొదట ఎక్కించేటప్పుడు సాఫీగా ఉన్నవి ఏరుకోకు. సవరణల మీద సవరణలు పడ్డవి, సంతకం ఒకనాడు, అమలు ఇంకోనాడు ఉన్నవి, అలాంటి చిక్కుగా ఉన్నవే పాతికో ముప్ఫయ్యో ఎక్కించి చూడు. సెక్షన్లలో లోపమేమన్నా ఉంటే అక్కడే బయటపడుతుంది.

సెక్షన్ల పేర్ల జాబితా తయారయ్యాక నాకొకసారి పంపు. జాబితా మాత్రమే, మీ ఆఫీసు కాంట్రాక్టులు నాకు చూపించొద్దు. అందులో రెన్యూవల్ అని రెండు వరుసలు కనిపించాయో, ఫోన్ చేసి మరీ తిడతాను.

నీ పెద్దమ్మ