పారిష్ చర్చి అంటే ఊరి చర్చేనా?

సందేహం: ఇంగ్లండ్‌లోని కిల్పెక్ చర్చి గురించిన యాత్రావ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. పారిష్ చర్చిని ‘ఊరి చర్చి’ అనొచ్చా? చర్చిలో జనం చేరే నేవ్‌ని మంటపం, బలిపీఠం ఉండే చాన్సెల్‌ని గర్భగుడి అంటే తప్పా?

సమాధానం: కిల్పెక్ వరకూ ‘ఊరి చర్చి’ అన్నా కొంప మునగదు. అది హియర్‌ఫర్డ్‌షర్‌లో చిన్న పల్లె. అన్నిచోట్లా ఆ మాట నిలవదు. 1666 అగ్నిప్రమాదంలో ఒక్క లండన్ నగరంలోనే 87 పారిష్ చర్చిలు కాలిపోయాయి. ఒకే ఊళ్లో అన్ని ఊరి చర్చిలేమిటని పాఠకుడు అడగడూ! పారిష్ అంటే ఒక గురువు బాధ్యత కింద ఉండే హద్దు. అందులోని రైతులు పంటలో పదోవంతు చర్చికి ఇచ్చుకునేవారు. జ్ఞానస్నానం, పెళ్లి, ఖననం అక్కడే. 1538 నుంచి వాటికి రిజిస్టర్లూ పెట్టారు. మన కతోలికులు దీన్ని ‘విచారణ’ అంటారు, అక్కడి ఫాదర్‌ని ‘విచారణ గురువు’ అంటారు. పోలీసు విచారణ అనుకుంటారని భయమైతే, మొదట ‘పారిష్, అంటే విచారణ’ అని రాసేయండి.

మంటపం ఫరవాలేదు, జనం చేరే చోటే కదా. నేవ్‌కి మూలం ఓడ అనే అర్థమున్న లాటిన్ మాట. మన ‘నావ’కి దూరపు చుట్టం. గర్భగుడి మాత్రం వద్దు. గర్భగుడిలో మూలవిరాట్టు ఉంటాడు, చాన్సెల్‌లో ఉండేది బలిపీఠం. ‘బలిపీఠ భాగం’ అంటే సరిపోతుంది. మధ్యయుగాల్లో ఈ రెంటి మధ్య హద్దు లెక్కల్లోనూ ఉండేది. మామూలుగా నేవ్ మరమ్మతు విచారణ జనానిది, చాన్సెల్‌ది పదోవంతు పుచ్చుకునే రెక్టరుది. కప్పు కారితే ముందు ఎటువైపు కారుతోందో చూసుకోవాలన్నమాట!

చాన్సెల్ చివర అర్ధవృత్తంగా తిరిగిన భాగానికి ‘గజపృష్ఠపు కొన’ అనండి, అంటే ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగిన కొన. చేజర్ల కపోతేశ్వరాలయం గురించి రాసేవాళ్లు వాడే గజపృష్ఠమే ఇది. అయితే అక్కడ గుడి మొత్తానికి ఆ ఆకారం, ఇక్కడ కొసకే.

మీరు అడగలేదు గానీ, కార్బెల్స్ దగ్గర, అంటే చూరు కింద గోడలోంచి పొడుచుకొచ్చిన చెక్కడపు రాళ్ల దగ్గర, తప్పక ఆగుతారు. 1140 ప్రాంతంలో కట్టిన ఆ ఎర్రరాతి చర్చి చూరు కింద 85 మిగిలాయి. ఒకదానిమీద కుక్క, కుందేలు నేస్తాల్లా పక్కపక్కనే ఉంటాయి. ‘చూరు కింది రాతి బొమ్మలు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. వాటిలో షీలా నా గిగ్ అనే నగ్న స్త్రీమూర్తి కూడా ఉంది. పేరు అలాగే ఉంచండి, మొహమాటపడి వర్ణన మాత్రం ఎగ్గొట్టకండి. దాదాపు 900 ఏళ్లుగా ఆ చర్చివాళ్లే దాన్ని గోడమీద ఉండనిచ్చారు.