‘ఏమీ జరగదు’ అని రాసిన తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

యుయి అనే అమ్మాయి తోటి హైస్కూల్ పిల్లలతో కలిసి బ్యాండ్ కట్టే జపాన్ యానిమే (కార్టూన్) సిరీస్ ‘కే-ఆన్!’ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూసి, ఆ రాత్రే కూర్చుని రాశానన్నావు. మంచి పని చేశావు, ఫస్ట్ ఇంప్రెషన్ రాయాల్సింది అలాగే. సిరీస్ మొత్తం చూసేసి, ఇప్పుడే మొదటి ఎపిసోడ్ చూసినట్టు నటిస్తూ రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. వాళ్ల తెలివి రెండో పేరాకే బయటపడిపోతుంది.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. దాన్ని నాలుగో పేరా చివర, ఎవరూ చూడకపోతే బాగుండునన్నట్టు పడేశావు: ‘మీరు అంత బాగా వాయించట్లేదు అని యుయి అన్నప్పుడు మాత్రం గట్టిగా నవ్వేశాను, పక్క గదిలోంచి అమ్మ ఏమైందిరా అంది.’ ఇదీ రాయడమంటే. మిగతాదంతా యానిమే తెలిసినవాళ్ల ముందు పరువు పోకూడదని రాసినట్టుంది. నీ వ్యాసం ఆ నవ్వు దగ్గర మొదలవ్వాలి. మిగతా విషయాల్లో దానికి పనికొచ్చేవి ఉంచు, పనికిరానివి తీసెయ్.

ముందు ఒక గొడవ తేల్చుకుందాం. ‘ఇందులో కథ లేదు’, ‘ఏమీ జరగదు’, ‘ప్లాట్ అంటూ లేదు’ అని మూడు చోట్ల రాశావు. ఈ రకం షోల గురించి అందరూ అనే మాటే అది. కానీ నువ్వు చూసిన ఎపిసోడ్‌లో ఏం జరిగిందో ఒకసారి వరసగా చెప్పుకుందాం. హైస్కూల్లో కొత్తగా చేరిన రిత్సుకి లైట్ మ్యూజిక్ క్లబ్ కావాలి. పాతవాళ్లంతా పాసై వెళ్లిపోయారు, నలుగురు సభ్యులు లేకపోతే క్లబ్ రద్దు. చిన్నప్పటి స్నేహితురాలు మియో సాహిత్యం క్లబ్‌లో చేరదామని ఫారం నింపుకుంటే రిత్సు దాన్ని పాడుచేసి, ఆ పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. కోరస్ క్లబ్ వెతుక్కుంటూ వచ్చిన త్సుముగి వీళ్లిద్దరి కీచులాట చూసి ముచ్చటపడి ఇక్కడే ఉండిపోతుంది. ఇంకోపక్క యుయి ఏ క్లబ్‌లోనూ చేరలేదు. పనీపాటా లేనివాళ్లు ఇలాగే తయారవుతారని స్నేహితురాలు నోదోకా దెప్పేసరికి కంగారుపడి, లైట్ మ్యూజిక్ అంటే ఏదో తేలిక సంగీతం కాబోలనుకుని పేరు ఇచ్చేస్తుంది. ఆ పిల్లకి వచ్చిన వాయిద్యం ఒక్కటే, కేజీ పిల్లలు వాయించే కాస్టనెట్స్, మన చిడతల్లాంటివి. చేరాల్సింది బ్యాండ్‌లో అని తెలిశాక, పేరు తీసేయించుకుందామని క్లబ్ గదికొస్తుంది. అక్కడేమో గొప్ప గిటారిస్టు దొరికిందని టీ, కేకు పెట్టి కూర్చోబెడతారు. తింటూ తింటూ మానేస్తానని చెప్పడం ఎలా?

దీన్ని కథ కాదంటే ఇంకేది కథ తమ్ముడూ? గడువుంది, అపార్థముంది, మొహమాటముంది, చివర్లో మలుపుంది. లేనిది విలన్. ప్రపంచం మునిగిపోయే ప్రమాదం లేదు, చావు లేదు, పగ లేదు. నువ్వు చూస్తూ వచ్చిన యాక్షన్ సిరీసుల్లో ఉన్నవి ఇందులో లేవని చెప్పాలనుకుంటే అలాగే చెప్పు, అది నిజం. ‘ఏమీ జరగదు’ మాత్రం నిజం కాదు. చూసిన విషయాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం ముందు, అభిప్రాయం తర్వాత.

ఇక నువ్వు నవ్విన చోటికి వద్దాం. యుయి ఏడుపు మొహం పెట్టి, నాకు గిటార్ రాదు అని ఒప్పేసుకుంది. సరే, పోనీ మేం వాయించేదైనా వినిపో అన్నారు ముగ్గురూ. వాళ్లు వాయించినది ‘త్సుబాసా ఓ కుదసాయ్’, నాకు రెక్కలివ్వండి అని అడిగే పాట. 1971లో అకాయ్ తోరి అనే ఫోక్ బృందం పాట అది. తర్వాత బడి సంగీతం పుస్తకాల్లోకి ఎక్కి, జపాన్‌లో పిల్లలందరికీ నోటికొచ్చే పాటయింది. ఈ ఒక్క ముక్క నీ పాఠకుడికి చెప్తే చాలు, జోకు ఇంకో రెండు మెట్లు పైకెక్కుతుంది. అక్కడి ప్రేక్షకుడికి ఆ పాట ఎలా ఉండాలో చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇక్కడేమో గిటార్ లేదు, డ్రమ్స్ తడబడుతున్నాయి. వాళ్లు బాగా వాయించట్లేదని అతనికి యుయి చెప్పేలోపే తెలుసు, అయినా ఆ పిల్లల కష్టం చూసి యుయి మెచ్చుకుంటుందనే అనుకుంటాడు.

పాట అయిపోయింది. యుయి కళ్లు మెరుస్తున్నాయి, చప్పట్లు కొట్టింది. ఎలా ఉందని ముగ్గురూ ఆత్రంగా చూస్తున్నారు. ఎలా చెప్పాలో, మాటల్లో పెట్టడం కష్టంగా ఉంది గానీ, అని సాగదీసింది. ఊఁ ఊఁ అని వీళ్లు ముందుకి వంగారు. అప్పుడంటుంది, పెద్ద నవ్వు మొహంతో, అంత బాగా లేదు మీ వాయింపు అని. వెక్కిరింత లేదు, దురుద్దేశం లేదు. ఆ వెంటనే, కానీ మీరు వాయిస్తుంటే భలే సరదాగా ఉంది, నేనూ చేరతాను అంటుంది. మెచ్చుకుని చేరితే అది సాదా కథ. తిట్టి వెళ్లిపోతే ఇంకో రకం కథ. బాగాలేదని చెప్పి చేరడంలో ఉంది యుయి అంటే ఎవరో.

ఈ సన్నివేశం రాసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో: నవ్వొచ్చే మాట చివరికి రావాలి. మనకదే సుఖం, తెలుగు వాక్యంలో క్రియ ఎలాగూ చివరే ఉంటుంది, ఊరించడానికి వీలిచ్చే భాష. నువ్వేమో ‘వాళ్ల వాయింపు బాగాలేదని చెప్పే ఫన్నీ సీన్ ఉంది’ అని మొదలుపెట్టి, తర్వాత ఎవరు, ఎక్కడ, ఎందుకు అని వివరించుకుంటూ పోయావు. జోకు ముందే చచ్చిపోయింది. పైగా ఫన్నీ అని నువ్వే అనేస్తే పాఠకుడికి చెయ్యడానికి ఏం మిగిలింది? ఆ మాట ఒక్కసారి కూడా వాడకుండా రాసి చూడు.

ఈ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే నీకు ఉపయోగమే. ‘కే-ఆన్!’ ముందు నాలుగు గడుల మాంగా, అంటే జపాన్ కామిక్. కకిఫ్లై అనే కలంపేరుతో గీసినది, 2007 నుంచి ‘మాంగా టైమ్ కిరారా’ అనే నెలపత్రికలో వచ్చింది. జపాన్‌లో ఈ నాలుగు గడులకి ఒక పాత లెక్క ఉంది: ఎత్తుగడ, కొనసాగింపు, మలుపు, ముగింపు. పేజీలో నాలుగో గడికి కన్ను చేరడానికి క్షణం పట్టదు. తెరమీద ఆ క్షణాన్ని ఎంతసేపు పట్టుకోవాలో దర్శకురాలు తేల్చుకోవాలి. ఆ దర్శకురాలు నవోకో యమద. 2009 ఏప్రిల్‌లో ఇది ప్రసారం మొదలయ్యేసరికి ఆమెకి 24 ఏళ్లు, సిరీస్‌కి దర్శకత్వం వహించడం అదే మొదటిసారి. ‘ఊఁ ఊఁ’ అంటూ ముగ్గురూ ముందుకి వంగే ఆ కాస్త ఆలస్యమే ఆమె పనితనం. నీకు నవ్వొచ్చింది మాటకి మాత్రమే కాదు, ఆ ఆగడానికి కూడా. సీన్ ఇంకోసారి పెట్టుకుని సౌండ్ తీసేసి చూడు, తెలుస్తుంది.

నీ మొదటి పేరా మొత్తం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. క్యోటో యానిమేషన్ స్టూడియో, టీబీఎస్ చానెల్, ఏ ఏడాది, ఎన్ని సీజన్లు, ఏ సినిమా, ఇవన్నీ అప్లికేషన్ ఫారం నింపినట్టు నింపావు. సమాచారం తప్పేం కాదు. దాన్ని నువ్వు చూసినదానికి ముడిపెట్టకపోవడమే తప్పు. ఉదాహరణకి బడి మెట్ల మీద తాబేలు, కుందేలు బొమ్మలున్నాయని రాశావు చూడు, భేషైన పరిశీలన. అవి కల్పన కాదు. జపాన్‌లోని షిగా ప్రాంతంలో తొయొసాతో అనే ఊళ్లో 1937లో కట్టిన ప్రాథమిక పాఠశాల పాత భవనం ఉంది. డిజైన్ అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన వోరీస్ అనే ఆర్కిటెక్టుది. మెట్ల చెక్క పిట్టగోడ మీద నిజంగానే ఇత్తడి తాబేలు, కుందేలు పందెం వేసుకుంటుంటాయి. 2000ల మొదట్లో ఆ భవనాన్ని కూల్చేస్తానని మేయరు, వీల్లేదని ఊరిజనం పెద్ద గొడవే పడ్డారు. భవనం నిలబడింది. ఆ తర్వాతే ఈ పిల్లలు అందులో టీ తాగడం మొదలుపెట్టారు, వాళ్లని చూసి అభిమానులు ఆ ఊరికి బారులు కట్టారు. ఇలాంటి సంగతి ఆ మెట్ల గురించి రాసిన వాక్యం పక్కనే వస్తే పాఠకుడు ఆగి చదువుతాడు. మొదటి పేరాలో వస్తే దాటేసి పోతాడు.

పాత్రల సంగతి. ‘యుయి జాలీ, మియో సైలెంట్, రిత్సు అల్లరి, త్సుముగి రిచ్’ అని నాలుగు లేబుళ్లు అంటించి వదిలేశావు. మియో ఎలాంటిదో ఫారం పోయాక కూడా తిట్టుకుంటూనే వెనకాల నడిచిందే, అందులో ఉంది. అది రాయి, చాలు.

ఇప్పుడు నువ్వు మొహమాటపడిన విషయం. ‘నిజానికి అమ్మాయిల షోలు నేను పెద్దగా చూడను, ఫ్రెండ్ బలవంతం మీద...’ అంటూ సంజాయిషీ ఇచ్చుకున్నావు. ఎవరికి? చూశావు, నవ్వావు, రాస్తున్నావు. అందులో దాచుకోవాల్సిందేముంది. ఇంకో సంగతి చెప్పనా, కిరారా లాంటి పత్రికలు ముఖ్యంగా పెద్దవాళ్లయిన మగ పాఠకుల్ని ఉద్దేశించి వచ్చేవే. ఆ సంగతి తెలిస్తే నీ సిగ్గు పోతుంది, కానీ దాంతోపాటు ఒక ప్రశ్న వస్తుంది: ఈ పిల్లలు ఇంత ముద్దుగా, ఇంత అమాయకంగా ఉండటం ఎవరి కోసం? నాకు ఈ షో ఇష్టం. అయినా ముందుముందు సవాకో టీచర్ ఈ పిల్లలకి బలవంతంగా వేషాలు వేయించే జోకులు వస్తాయి, అవి నాకు ఎప్పుడూ నవ్వు తెప్పించలేదు. నీకు మొదటి ఎపిసోడ్‌లో గొంతులు మరీ తీపిగా అనిపించాయని ఒక చోట రాసి కొట్టేశావు, గీత కింద కనిపిస్తూనే ఉంది. దాన్ని తిరిగి పెట్టెయ్. నచ్చినదాన్ని పొగడటానికి నచ్చనిదాన్ని దాచక్కర్లేదు. రెండూ పక్కపక్కనే ఉన్న వ్యాసాన్నే నేను నమ్ముతాను.

‘మనకి ఇలాంటి క్లబ్బులు ఎక్కడున్నాయి’ అని కూడా ఒక్క ముక్క రాసి వెళ్లిపోయావు. అక్కడ కాసేపు ఆగాల్సింది. జపాన్ హైస్కూల్ మొదటి ఏడాది అంటే ఇంచుమించు మన ఇంటర్ ఫస్టియర్ వయసు. నువ్వు ఇంటర్ చదివింది హాస్టల్లో. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదిదాకా స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్టు, ర్యాంకు పడిపోతే టెన్షన్. అదే వయసు పిల్లలు బెల్లు కొట్టాక పింగాణీ కప్పుల్లో టీ పోసుకుని, ప్రాక్టీస్ రేపు చూద్దాంలే అంటుంటే నీకు కలిగింది కుళ్లా, జాలా, ఇంకేదైనానా? నాకు తెలీదు, నీకే తెలియాలి. అక్కడా ఎంట్రన్స్ పరీక్షలున్నాయి, అక్కడి పిల్లలూ చచ్చేట్టు చదువుతారు, కాబట్టి జపాన్ స్వర్గం అన్నట్టు రాయకు. విద్యావ్యవస్థ మీద ఉపన్యాసం అసలే వద్దు. టీ కప్పు చూసినప్పుడు నీ హాస్టల్ మెస్ గ్లాసు గుర్తొచ్చిందా లేదా, అంతవరకు చాలు. తెలుగువాడు రాసిన వ్యాసంలోనే దొరికే సంగతి అది. మిగతాదంతా ఇంగ్లీషులో ఇప్పటికే కుప్పలుగా ఉంది.

చివరి పేరాలో ‘ఈ సిరీస్ ముందు ముందు స్నేహం విలువని చాటిచెబుతుందని ఆశిస్తున్నాను’ అన్నావు. ఎందుకయ్యా? నువ్వు చూసింది ఒక్క ఎపిసోడ్. రెండోది చూస్తావా, చూడవా? చూస్తే దేని కోసం? నాకైతే గిటార్ పట్టుకోవడం కూడా రాని పిల్ల గిటార్ ఎలా సంపాదిస్తుందో చూడాలనిపించింది. నీకు ఏదనిపిస్తే అది రాసి ఆపెయ్. ఏమీ అనిపించకపోతే ఆ మాటే రాయి.

రెండో ఎపిసోడ్ మాత్రం ఇది పూర్తయ్యేదాకా ముట్టుకోకు. అందులో 2,50,000 యెన్‌ల గిటార్ ఉంది, దాని కోసం నలుగురూ రోడ్డు పక్కన కూర్చుని వచ్చేపోయే బళ్లు లెక్కపెట్టే పార్ట్‌టైమ్ పని ఉంది, షాపులో త్సుముగి చేసే బేరం ఉంది. చూశావంటే అవన్నీ ఈ వ్యాసంలోకి దూరిపోతాయి.

ఇంకొకటి, శీర్షికలో ‘క్యూట్’ తీసెయ్, లోపల కూడా చాలా చోట్ల ఉంది. ఆదివారంలోగా తిరగరాసి పంపు. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైలే పంపు, నేను మళ్లీ గీతలు గీయాలి.

ఇట్లు
నీ అక్క