వాలు నేలలో గడ్డి విత్తనం ఏమైపోతోంది?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర. నాలుగెకరాల ఎర్రనేల, బాగా వాలుగా ఉంటుంది. వేరుశనగ మానేసి ఆరేళ్లుగా గొర్రెల మేతకని బీడు పెట్టాను. కింద గట్టు దగ్గర గడ్డి మోకాలెత్తు వస్తోంది. పైన, నడుమ మాత్రం బోడిగానే ఉంది. విత్తనమంతా వానకు కొట్టుకుపోయిందా సార్? ట్రాక్టరుతో దున్నించి గడ్డి విత్తనం కొని చల్లమంటారా?

జవాబు: దయచేసి దున్నించకండి. పట్టు దొరికిన కాస్త మట్టీ వదులై, మొదటి గట్టి వానకే కిందికి జారిపోతుంది.

బీడు నేలలో గడ్డి విత్తనం ఎక్కువగా పైన రెండు మూడు వేళ్ల లోతులోనే ఉంటుంది. అందుకే పైమట్టి కోసుకుపోతే విత్తనమూ పోతుంది. అయితే అన్నీ పోవు. సన్నగా, తేలిగ్గా ఉన్నవి నీటితో సాగిపోతాయి. సబ్జా గింజలాంటివి తడవగానే జిగురు కట్టి మట్టిని కరిచిపట్టుకుంటాయి. పంచెకు గుచ్చుకునే ముల్లుగడ్డి గింజ తోక తడికీ ఎండకీ మెలి తిరుగుతూ, విప్పుకుంటూ గింజను నేలలోకి తోస్తుంది. వాలు మీద ముందుగా ఇలాంటివే నిలబడతాయి. ఇక కిందికి చేరినవాటిలోనూ, నాలుగు వేళ్ల ఒండ్రు కింద పడ్డ సన్న గింజలకు పైకి వచ్చే సత్తువ ఉండదు.

నా అనుమానం మాత్రం విత్తనం కంటే నీటి మీదే. ఎర్రనేల వాన దెబ్బకు పైన అట్ట కడుతుంది. నీళ్లు ఇంకవు, మొలిచిన మొలక పది రోజులు వాన లేకపోతే మాడిపోతుంది. స్పెయిన్‌లో బాగా కోత పడిన కొండవాలుల్లో కొలిచి చూసినప్పుడు కూడా కొట్టుకుపోయిన విత్తనం కొద్ది భాగమే. మొక్క నిలవకపోవడానికి అసలు కారణం తేమ చాలకపోవడం.

మీ పొలంలో ఏది నిజమో మీరే తేల్చుకోవచ్చు. మే నెలాఖరులో పైన, నడుమ, కింద మూడు వేళ్ల లోతు మట్టి తీసి, అడుగున చిల్లులున్న మూడు పళ్లాల్లో పలుచగా పరవండి. వెలుతురున్న చోట పెట్టి నాలుగు వారాలు తడి ఆరకుండా చూస్తూ మొలకలు లెక్కపెట్టండి. గట్టి తొక్క గింజలు అంత త్వరగా మొలవవు కాబట్టి, తక్కువ వచ్చాయని నిరాశ పడొద్దు.

వాలు పైభాగం నుంచి తీసిన మట్టిలోనూ మొలకలు బాగా వస్తే విత్తనానికి డబ్బు పెట్టకండి. ఏం తేలినా, వానలకు ముందే వాలుకు అడ్డంగా రాళ్ల వరుసలు గానీ, కంప వరుసలు గానీ వేయండి. నేలను తాకేలా, సందు లేకుండా వేయాలి. సందుంటే నీళ్లన్నీ అక్కడికే చేరి గండి కొడతాయి. కంప వెనక ఆగిన మట్టిలోనే మొదటి గడ్డి మొలుస్తుంది, చూడండి. తొలకరికి ఆ వరుసల పైపక్కన మాత్రం అడ్డంగా గుంటకతో పైపైన గీరి అట్ట పగలగొట్టండి.

మొలకలు మరీ తక్కువైతే ఆ గీతల్లోనే అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి మేత మొక్క) విత్తనం చల్లండి. స్టైలో ఎకరాకు 4 కిలోలు చాలు. 80 డిగ్రీల వేడినీళ్లలో 4 నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి చల్లితే మొలక బాగుంటుంది. లోతుగా కప్పకండి.

గట్టు దగ్గరి ఒండ్రును పైకి మోసి వేయడం మంచిదే, అందులో మీ నేల విత్తనమే ఉంది. కానీ కింది మట్టి పళ్లెంలో వయ్యారిభామ మొలకలు కనిపిస్తే ఆ పని మానుకోండి.

గొర్రెలను ఈ ఒక్క ఏడాది గడ్డి గింజ రాలేదాకా, అంటే నవంబరు దాకా, పైభాగంలోకి వదలకండి. కింది గడ్డి కోసి వేయండి.